పాడేసిన పాట కోసం ఇంతెజార్

ఉర్దూ షాయరీలో ఇంతెజార్‌కు కొదవ లేదు. మాషూఖ్ కోసం, ఖత్ కోసం, తెల్లవారడం కోసం, చివరికి మౌత్ కోసం కూడా మన షాయర్లు ఎదురు చూశారు. కానీ ఎప్పుడో పాడేసి, రికార్డు చేసేసి, డబ్బాలో పెట్టి మూత బిగించిన పాటల కోసం నలభై అయిదేళ్లు ఎదురు చూసిన జనం కూడా ఈ దునియాలో ఉన్నారు. వాళ్లు నీల్ యంగ్ ఆషిఖ్‌లు. వాళ్ల ఇంతెజార్ తారీఖే ఈ వ్యాసం.

బాబ్ డిలన్ పేరు మనవైపు విన్నంతమంది నీల్ యంగ్ పేరు వినలేదు. అందుకని ముందు కొంచెం తారుఫ్. 1945 నవంబర్ 12న కెనడాలోని టొరంటోలో పుట్టాడు. తండ్రి స్కాట్ యంగ్ మా బిరాదరీవాడే, జర్నలిస్టు. 1951లో, ఇంకా ఆరేళ్లు నిండకుండానే, నీల్‌కు పోలియో వచ్చింది. జాన్ దక్కింది. అమ్మానాన్నలు విడిపోయాక అమ్మతో విన్నిపెగ్ వెళ్లాడు. అక్కడ కుర్రాళ్లతో కలిసి ద స్క్వైర్స్ అనే బ్యాండు పెట్టాడు. 1963లో వాళ్ల మొదటి రికార్డు వచ్చింది. మాటల్లేవు, ఒట్టి గిటార్ బాణీ. దాని పేరేమిటో తెలుసా? 'ద సుల్తాన్'. మంచులో మునిగే విన్నిపెగ్‌లో ఆ కుర్రాళ్లకు సుల్తాన్ ఎలా గుర్తొచ్చాడో గానీ, నాకైతే ఆ పేరు చూడగానే మనిషి దగ్గరైపోయాడు.

1966లో ఒక పాత జనాజా బండి నడుపుకుంటూ లాస్ ఏంజెలిస్ చేరాడు. బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే బ్యాండులో చేరి పేరు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఆయనది రెండు రకాల పాట. ఒక పూట గిటారు, మౌతార్గాన్ పట్టుకుని పల్లె గాయకుడిలా ఒంటరిగా పాడతాడు. ఇంకో పూట క్రేజీ హార్స్ బ్యాండుతో చెవులు గింగిర్లెత్తేలా వాయిస్తాడు. ఫోక్-రాక్ అనే మాట ఆయనకు సగమే సరిపోతుంది.

1972లో 'హార్వెస్ట్' ఆల్బమ్ వచ్చింది. ఆ ఏడాది అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ అది. షొహ్రత్ నెత్తికెక్కాల్సిన సమయం. కానీ అదే ఏడాది నవంబర్‌లో ఏం జరిగిందో చూడండి. క్రేజీ హార్స్‌లో గిటార్ వాయించే దోస్త్ డానీ విటెన్ నషాకు బానిసై, రిహార్సల్‌లో చెయ్యి ఆడక నిలబడిపోయాడు. చేతిలో యాభై డాలర్లు, విమానం టికెట్టు పెట్టి అతన్ని ఇంటికి పంపించేశారు. ఆ రాత్రే ఓవర్‌డోస్‌తో చనిపోయాడు. తర్వాతి ఏడాది జూన్‌లో బ్యాండు సామాన్లు చూసుకునే బ్రూస్ బెర్రీ కూడా అదే తీరున పోయాడు. ఈ రెండు మయ్యత్‌ల బరువుతో 1973లో నీల్ యంగ్ ఒక ఆల్బమ్ రికార్డు చేశాడు. గొంతు పగిలిపోతూ, శ్రుతి తప్పుతూ, మత్తులో పాడిన మర్సియా అది. పేరు 'టునైట్స్ ద నైట్'. అది వెంటనే బయటికి రాలేదు.

ఈలోగా ఇంట్లో ఇంకో దెబ్బ. నటి కేరీ స్నాడ్‌గ్రెస్, ఆయన కలిసి ఉండేవారు. ఒక కొడుకు. ఆ బంధం చిట్లిపోయింది. 1974 జూన్ నుంచి 1975 జనవరి దాకా ఆ దర్ద్‌తోనే పాటలు రాసి పాడాడు. ద బ్యాండ్ డ్రమ్మర్ లెవాన్ హెల్మ్ వాయించాడు, ఎమీలూ హారిస్ గొంతు కలిపింది. 'హార్వెస్ట్'ను ప్రేమించినవాళ్లు కోరుకునేది సరిగ్గా అలాంటి మెత్తని పాటల ఆల్బమే. పేరు పెట్టారు: 'హోమ్‌గ్రోన్'. అంతా తయ్యార్.

1975లో లాస్ ఏంజెలిస్‌లోని షాటో మార్మాంట్ హోటల్లో ఒక రాత్రి దోస్తుల మెహ్ఫిల్. కొత్త ఆల్బమ్ వినిపిద్దామని టేపు పెట్టాడు. అదే రీలు మీద 'టునైట్స్ ద నైట్' కూడా ఉంది. రెండూ మోగాయి. ద బ్యాండ్‌లోని రిక్ డాంకో విని, పచ్చిగా ఉన్న ఆ రెండోదాన్నే విడుదల చెయ్యమన్నాడు. నీల్ యంగ్ సరేనన్నాడు. జూన్‌లో 'టునైట్స్ ద నైట్' దుకాణాల్లోకి వచ్చింది. 'హోమ్‌గ్రోన్' అల్మారీలోకి వెళ్లింది.

ఆ అల్మారీ తలుపు మళ్లీ తెరుచుకున్నది 2020 జూన్ 19న.

మధ్యలోని నలభై అయిదేళ్లలో అభిమానులు ఏం చేశారన్నదే నన్ను ఆకట్టుకున్న సంగతి. పన్నెండు పాటల ఆల్బమ్ అది. ఆయన దాన్ని పూర్తిగా దాచలేదు, తునకలుగా వదిలాడు. ఒక పాట 1977లో ఒక ఆల్బమ్‌లో, ఇంకోటి అదే ఏడాది వచ్చిన 'డెకేడ్' సంకలనంలో, మరోటి 1980లో. రెండు పాటల్ని కొత్తగా పాడి వేరే ఆల్బమ్‌లలో పెట్టాడు. మిగిలిన ఏడూ ఏ రూపంలోనూ రాలేదు. పగిలిన కుండ పెంకుల్ని ఏరుకుని కుండ ఎలా ఉండేదో ఊహించినట్టు, వీళ్లు ఆ తునకలతో లేని ఆల్బమ్‌ను కట్టుకున్నారు. పాటల వరస ఇలా ఉండి ఉండాలి అని బహస్‌లు చేశారు. బ్రిటన్‌లో 1981లోనే నీల్ యంగ్ అప్రిసియేషన్ సొసైటీ అని పెట్టుకుని 'బ్రోకెన్ ఏరో' అనే పత్రిక నడిపారు. కచేరీల్లో చాటుగా రికార్డు చేసిన క్యాసెట్లను పోస్టులో ఒకరికొకరు పంపుకున్నారు. నకలు నుంచి నకలు తీసేకొద్దీ పాట వెనక్కి పోయి బుస్సుమనే చప్పుడు ముందుకొచ్చేది. అయినా విన్నారు. ఆ చప్పుడు వెనక ఉన్న గొంతును గుర్తుపట్టడం కూడా ఒక ఇల్మ్ అయిపోయింది వాళ్లకు.

'హోమ్‌గ్రోన్' ఒక్కటే కాదు. 1976 ఆగస్టు 11 రాత్రి మాలిబూలోని ఇండిగో రాంచ్ స్టూడియోలో నీల్ యంగ్ ఒక్కడే కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి పది పాటలు పాడేశాడు. కంపెనీవాళ్లకు అది నచ్చలేదు, బ్యాండుతో మళ్లీ చెయ్యమన్నారు. ఆ ఒక్క రాత్రి 2017లో 'హిచ్‌హైకర్' పేరుతో బయటికొచ్చింది, నలభై ఒక్క ఏళ్లకు. 1977లో తయారైన 'క్రోమ్ డ్రీమ్స్' కథ ఇంకా తమాషా. అసలు ఆల్బమ్ రానేలేదు, 2007లో 'క్రోమ్ డ్రీమ్స్ 2' విడుదల చేశాడు! మొదటి భాగం దొంగ నకళ్లలో విన్నవాళ్లు నవ్వాలో ఏడవాలో తెలియక రెండోది కొనుక్కున్నారు. మొదటిది 2023లో వచ్చింది. 1974లో మామూలుగా విడుదలైన 'ఆన్ ద బీచ్' కూడా సీడీగా రావడానికి 2003 దాకా పట్టింది. దాని కోసం వేలమంది సంతకాలు పెట్టి దర్ఖాస్తు చేశారు.

వీటన్నిటికీ పైన ఒక పెద్ద వాదా ఉంది. 1980ల చివర్లోనే నీల్ యంగ్ తన మొత్తం ఖజానాను ఏళ్లవారీగా సంపుటాలు చేసి తెస్తానన్నాడు. విడుదలైనవీ కానివీ, కచేరీలు, ఫోటోలు, చేతిరాత కాగితాలు, సినిమా ముక్కలు, అన్నీ. ఫోటోగ్రాఫర్ జోయల్ బెర్న్‌స్టీన్ ఏళ్లతరబడి ఆ రీళ్లూ కాగితాలూ వెతికి, తేదీలు తేల్చి సర్దాడు. సంపుటం మాత్రం రాలేదు. అదిగో వస్తోంది, ఇదిగో వస్తోంది అంటూ 1990లు గడిచిపోయాయి. సీడీ శబ్దం అంటే నీల్ యంగ్‌కు మొదటి నుంచీ నఫ్రత్. పాటలోని ప్రాణాన్ని అది పీల్చేస్తుందని ఆయన యఖీన్. డీవీడీ వచ్చింది, అదీ ఆనలేదు. బ్లూ-రే వచ్చాక, 2009 జూన్ 2న, మొదటి సంపుటం వచ్చింది. 1963 నుంచి 1972 దాకా. ఆ స్క్వైర్స్ కుర్రాళ్ల గిటారుతోనే మొదలు.

రెండో సంపుటం కోసం మళ్లీ పదకొండేళ్లు. 2020 నవంబర్‌లో వచ్చింది, 1972 నుంచి 1976 దాకా. మొదట 3,000 సెట్లే వేశారు. చూస్తుండగానే అయిపోయాయి. దశాబ్దం పైన సబర్ పట్టినవాళ్లకు చివర్లో దుకాణం మూసేసినట్టయింది. గోల చేశారు. మళ్లీ ముద్రించారు. మూడోది 2024 సెప్టెంబర్‌లో వచ్చింది, 1976 నుంచి 1987 దాకా, 17 సీడీలు, 5 బ్లూ-రే డిస్కులు. అది వచ్చేనాటికి ఆయనకు 78 ఏళ్లు. లెక్క మీరే వేసుకోండి. 1987 తర్వాతి పాటల బాకీ ఇంకా అలాగే ఉంది. మొదటి క్యాసెట్లు పంచుకున్న తరం వయసు కూడా ఇప్పుడు అంతే. వాళ్లలో ఎంతోమంది 'హోమ్‌గ్రోన్' వినకుండానే వెళ్లిపోయి ఉంటారు.

ఇక్కడ ఒక సవాల్ వస్తుంది. పాడినవాడు దాచుకుంటే వినేవాడికి అడిగే హక్ ఉందా?

ఉర్దూ మీడియంలో చదివినవాడిని కదా, నాకు వెంటనే గాలిబ్ గుర్తొస్తాడు. మిర్జా తన దివాన్‌ను తానే నిర్దాక్షిణ్యంగా కత్తిరించుకున్నాడు. 1841లో అచ్చయినది పల్చటి పుస్తకం. ఇరవై నిండకముందు రాసిన ఎన్నో షేర్లు అందులో లేవు. 1869లో ఆయన పోయాడు. 1821 నాటి ఒక రాతప్రతి భోపాల్‌లో దొరికింది. 1921లో 'నుస్ఖా-ఎ-హమీదియా' పేరుతో అచ్చయింది. గాలిబ్ తీసేసిన కలామ్ అందులో ఉంది. కొందరు పండగ చేసుకున్నారు. షాయర్ స్వయంగా వద్దనుకున్నదాన్ని ఎందుకు తవ్వారని కొందరు అడిగారు. ఎవరికి జవాబు చెప్పడానికీ గాలిబ్ లేడు. పైగా ఆ రాతప్రతి కూడా తర్వాత కొన్ని దశాబ్దాలు కనబడకుండా పోయింది. అచ్చయి ఉండకపోతే ఆ షేర్లు దానితోపాటే పోయేవి.

నీల్ యంగ్ విషయంలో తేడా అదే. జవాబు చెప్పడానికి మనిషి ఉన్నాడు. 'హోమ్‌గ్రోన్' విడుదలప్పుడు అభిమానులకు ఆయన మాఫీ చెప్పుకున్నాడు. 'హార్వెస్ట్' వచ్చిన రెండేళ్లకే మీ చేతికి రావాల్సింది, కానీ అది నా విరిగిన ప్రేమ, నేను వినలేకపోయాను, దాటి ముందుకు పోవాలనుకున్నాను అన్న అర్థం వచ్చేలా రాశాడు. జర్నలిస్టుగా నాకు ఆపేసిన వార్త అంటే ఏమిటో తెలుసు. రాసినవాడు ఒక కారణంతో ఆపుతాడు, పైవాడు ఇంకో కారణంతో ఆపుతాడు. రెండూ ఒకటి కావు. 'హిచ్‌హైకర్' పైవాళ్లకు నచ్చక ఆగింది. 'హోమ్‌గ్రోన్' పాడినవాడి గుండె ఆపింది. మొదటిదాని మీద నాకు షికాయత్ ఉంది. రెండోదాని మీద లేదు. సొంత గాయాన్ని ఎప్పుడు విప్పి చూపాలో చెప్పే ఇఖ్తియార్ ఆ మనిషిదే.

కానీ దాచడం వేరు, పాడుచేసుకోవడం వేరు. టేపు అమరం కాదు. 1970ల మధ్య నుంచి తయారైన ఎన్నో టేపుల్లో పూత తేమ పీల్చుకుని జిగురు కారుతుంది. అలాంటి రీలును యాభై డిగ్రీల పైచిలుకు సన్నని సెగలో గంటలకొద్దీ ఉంచి, ఆరాక ఒకసారి తిప్పి నకలు తీసుకోవాలి. ఆలస్యం చేస్తే అదీ కుదరదు. 2008 జూన్ 1న హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోస్‌లో మంటలు లేచి ఎందరో గాయకుల అసలు టేపులు కాలిపోయాయి. ఆ నష్టం ఎంతటిదో 2019లో న్యూయార్క్ టైమ్స్ రాసేదాకా లోకానికి తెలియలేదు. ఏం పోయిందో పాడినవాళ్లలో చాలామందికి కూడా తెలియదు.

అందుకే నేను దీన్ని అమానత్ అంటాను. అమానత్ అంటే మన దగ్గర ఉన్నది గానీ పూర్తిగా మనది కానిది. తిరిగి ఇచ్చేదాకా భద్రంగా ఉంచడం ఫర్జ్. ఎప్పుడు ఇవ్వాలన్నది నీల్ యంగ్ తన ఇష్టానికే ఉంచుకున్నాడు, కాస్త ఎక్కువే ఉంచుకున్నాడు. కానీ ఆ రీళ్లను దాచి ఉంచాడు. వాటి తేదీలు తేల్చి సర్దించాడు. తాను పోయాక వారసులూ వకీళ్లూ తవ్వుకునే బదులు, తాను హయాత్‌లో ఉండగానే, కళ్లద్దాలు పెట్టుకుని తానే కూర్చుని ఇస్తున్నాడు. గాలిబ్‌కు అది దొరకలేదు. ఎంతోమంది ఖవ్వాల్‌లకు, బుర్రకథ దళాలకు, మర్సియా చదివినవాళ్లకు దొరకలేదు. వాళ్ల గొంతు ఏ ఇంట్లో ఏ క్యాసెట్‌లో జిగురు కారుతోందో మనకు తెలియదు.

1987 తర్వాతి సంపుటం కోసం ఆ అభిమానులు మళ్లీ ఇంతెజార్‌లో కూర్చున్నారు. వాళ్ల నసీబ్ బాగుండాలి. మీ ఇంట్లో అటక మీద ఏదైనా పాత క్యాసెట్ ఉంటే మాత్రం ఇంతెజార్ వద్దు. ఈ ఆదివారమే దించి, ఎవరి గొంతో, ఏ సంవత్సరమో దాని మీద రాసి, నకలు తీయించి పెట్టండి.