పంతులుగారి చేతిలో గద ఎందుకు లేదు?

ఆదివారం మా గుడిలో తెలుగు క్లాసు అయిపోయాక, కింద హాల్లో కొంతమంది పిల్లలు టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలు వేస్తుంటారు. మనకి తెలిసిన ఆరు ముఖాల పాచికలు మాత్రమే కాదు, ఎనిమిది ముఖాలవి, ఇరవై ముఖాలవి కూడా ఉంటాయి. నేను ప్రసాదం గిన్నెలు కడిగి అదే దారిలో వస్తాను. ఒకరోజు ఒక అమ్మాయి నన్ను ఆపి, "అంకుల్, క్లెరిక్ అంటే తెలుగులో ఏంటి?" అని అడిగింది. తన పాత్ర ఒక డ్వార్ఫ్, అంటే గడ్డం ఉన్న పొట్టి మనిషి, కొండల కింద ఉంటాడు. ఆ డ్వార్ఫ్ క్లెరిక్ అట. నేను "పూజారి" అన్నాను. వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది. "మరి మన పంతులుగారి చేతిలో గద ఎందుకు లేదు?"

గద ఆంజనేయస్వామి దగ్గర ఉందమ్మా అని నవ్వించి తప్పించుకున్నాను. కాని ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాని చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివింది మీకు చెప్తాను, నాకు వచ్చిన తెలుగులో.

ముందు ఒక మాట సంగతి. ఆ ఆటలో ప్రతి పాత్రకీ ఒక "క్లాస్" ఉంటుంది: యోధుడు, మాంత్రికుడు, పూజారి, దొంగ. ఈ క్లాస్‌ని తెలుగులో ఏమనాలి? డిక్షనరీలో "తరగతి" అని ఉంది. కాని "నీ డ్వార్ఫ్ ఏ తరగతి?" అంటే "మూడో తరగతి, బి సెక్షన్" అని చెప్పాలనిపిస్తుంది. "వర్గం" అంటే ఎన్నికల వార్తల్లా ఉంటుంది. "వర్ణం" అంటే ఇంకా పెద్ద తలనొప్పి, దాని గురించి తర్వాత. నేను "వృత్తి" అంటాను. వృత్తి అంటే మనిషి చేసే పని, బతుకుతెరువు. "లెవెల్"కి "మెట్టు" అంటాను.

ఈ కథ నిజానికి మన దేశంలో మొదలవుతుంది. చదరంగం పాత పేరు చతురంగం, అంటే సైన్యంలో నాలుగు భాగాలు: ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాలిబంట్లు. ఒక్కో దానికి ఒక్కో నడక. "ఎవరి శక్తి వారిది" అనే ఆలోచన అక్కడే ఉంది. ఆ ఆట పర్షియాకి, అరబ్ దేశాలకి, అక్కడినుంచి యూరప్‌కి వెళ్ళింది. దారిలో మన ఏనుగు ఇంగ్లీషువాళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి బిషప్ అయిపోయింది, అంటే చర్చి పెద్ద. ఏనుగు పూజారి ఎలా అయ్యిందో చూశారా! 1780లో జర్మనీలో హెల్విగ్ అనే ఆయన చదరంగాన్ని పెంచి యుద్ధం నేర్పే ఆట చేశాడు. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ అనే అధికారి తయారుచేసిన ఆటలో మ్యాపు, పాచికలు, తీర్పు చెప్పే ఒక పెద్దమనిషి ఉన్నారు. ఆ తీర్పు చెప్పే మనిషి ఈ పిల్లల ఆటలో ఇప్పటికీ ఉన్నాడు. వాళ్ళు డంజన్ మాస్టర్ అంటారు.

ఇప్పుడు అమెరికాకి వద్దాం. విస్కాన్సిన్‌లో లేక్ జెనీవా అనే చిన్న ఊరు. అక్కడ గ్యారీ గైగాక్స్ అనే ఆయన ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసేవాడు, ఆ ఉద్యోగం పోయాక ఇంట్లో చెప్పులు బాగుచేసేవాడు. 1971లో ఆయన, జెఫ్ పెరెన్ కలిసి చెయిన్‌మెయిల్ అనే యుద్ధం ఆట అచ్చువేశారు. అందులో "హీరో" నలుగురు సైనికులతో సమానం, "సూపర్‌హీరో" ఎనిమిదిమందితో సమానం. మూడేళ్ళ తర్వాత వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో యోధుడు నాలుగో మెట్టు ఎక్కితే అతని బిరుదు హీరో, ఎనిమిదో మెట్టు ఎక్కితే సూపర్‌హీరో. లెక్క అదే, మారలేదు. మెట్లు అనే ఆలోచన వెనక ఇది ఉంది: ఒక మనిషి ఎంతమంది పెట్టు?

మిన్నెసోటాలో డేవ్ ఆర్నెసన్ అనే చరిత్ర విద్యార్థి ఉండేవాడు. ఆయన స్నేహితుడు డేవిడ్ వెస్లీ 1960ల చివర్లో ఒక ఆట ఆడించాడు. అందులో ఒక్కొక్కరు సైన్యం మొత్తాన్ని కాదు, ఒకే ఒక మనిషిని నడిపించాలి. ఆర్నెసన్ అది తీసుకుని బ్లాక్‌మూర్ అనే ఊహాలోకం కట్టాడు. ఆర్నెసన్, గైగాక్స్ ఇద్దరి పని కలిసి 1974లో మూడు చిన్న పుస్తకాలుగా, ఒక పెట్టెలో, పది డాలర్లకి వచ్చింది. మొదట అచ్చువేసింది 1,000 కాపీలు మాత్రమే.

ఆ పుస్తకాల్లో వృత్తులు మూడే: యోధుడు, మాంత్రికుడు, పూజారి. పూజారి ఎందుకు వచ్చాడో తెలుసా? బ్లాక్‌మూర్‌లో ఒక ఆటగాడి పాత్ర వాంపైర్ అయ్యింది. రాత్రి తిరిగి రక్తం తాగే దయ్యం. దాని పేరు సర్ ఫాంగ్. అది చాలా బలంగా పెరిగిపోయింది, ఎవరూ ఆపలేకపోయారు. దాన్ని అడ్డుకోవడానికి ఇంకో ఆటగాడు మైక్ కార్‌కి చర్చి పూజారి పాత్ర ఇచ్చారు. సినిమాల్లో శిలువ చూపించి వాంపైర్‌ని వెనక్కి తరిమే ముసలాయన ఉంటాడు కదా, అలాంటి శక్తి ఇచ్చారు. అంటే ఈ వృత్తి భక్తి కోసం పుట్టలేదు, ఒక స్నేహితుడి దయ్యాన్ని ఆపడానికి పుట్టింది. మన ఊళ్ళలో భూతవైద్యుడు చేసే పని కూడా కొంచెం అదే.

గద సంగతి. క్లెరిక్ పదునైన ఆయుధం పట్టకూడదు అని రూలు. ఎందుకంటే రక్తం చిందించకూడదు. దీని వెనక ఒక పాత నమ్మకం ఉంది. ఫ్రాన్స్‌లో బాయో అనే ఊరికి చెందిన 11వ శతాబ్దం నాటి పొడవాటి కుట్టుపని గుడ్డ ఉంది, దాని మీద బిషప్ ఓడో యుద్ధంలో చేతికర్ర పట్టుకుని గుర్రం మీద ఉంటాడు. పూజారి కాబట్టి కత్తి పట్టలేదు అని చాలామంది చెప్తారు. ఆ కర్ర అధికారం గుర్తు మాత్రమే అని కొందరు చరిత్రకారులు అంటారు. ఏదైనా, ఆ బొమ్మలాంటి పూజారే ఆటలోకి వచ్చి, చేతిలో కర్ర గద అయ్యింది. తలకాయ పగిలితే రక్తం రాదా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

మంత్రాలు బైబిల్ నుంచి వచ్చాయి: కర్రలు పాములవ్వడం, మిడతల దండు, నీళ్ళు పుట్టించడం, చనిపోయినవాడిని లేపడం. ఇంకో విషయం నాకు నచ్చింది. 1974 రూల్స్‌లో మొదటి మెట్టు మీద ఉన్న పూజారికి ఒక్క మంత్రం కూడా రాదు. రెండో మెట్టు ఎక్కాకే. పాఠశాలలో కొత్తగా చేరిన కుర్రవాడికి ముందు ఊడవడం, పూలు తేవడం చెప్పినట్టు.

మాంత్రికుడి పద్ధతి వేరు. పొద్దున మంత్రం చదివి మనసులో పెట్టుకోవాలి, ఒకసారి వాడితే మర్చిపోతాడు, మళ్ళీ చదవాలి. ఇది జాక్ వాన్స్ అనే రచయిత 1950లో రాసిన పుస్తకం నుంచి తీసుకున్నారు. కర్ణుడికి పరశురాముడి శాపం గుర్తొచ్చింది నాకు: సరిగ్గా అవసరమైనప్పుడు అస్త్రం మర్చిపోతావు. దొంగ 1975లో వచ్చాడు, కాలిఫోర్నియాలో సాంటా మోనికాలో ఒక హాబీ షాపులో ఆడేవాళ్ళ ఆలోచన అది. తాళాలు తియ్యడం, చప్పుడు లేకుండా నడవడం, నీడలో దాక్కోవడం. తర్వాత పాలడిన్, రేంజర్, మాంక్, డ్రూయిడ్ ఒక్కొక్కరే వచ్చారు. 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో అందరూ ఒకచోట చేరారు. వాళ్ళందరి గురించి చెప్తే ఈ రోజు అయిపోతుంది.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ 1978 పుస్తకంలో ఉన్న ఒక పట్టిక. వృత్తి మీరు ఎంచుకుంటారు, కాని పుట్టుక హద్దు పెడుతుంది. మనిషికి ఏ వృత్తిలోనూ దాదాపు హద్దు లేదు. డ్వార్ఫ్ యోధుడైతే ఎంత బలమున్నా తొమ్మిదో మెట్టు దాటలేడు. 1974లో అయితే ఆరో మెట్టే ఆఖరు. డ్వార్ఫ్ మాంత్రికుడు అవ్వలేడు. డ్వార్ఫ్ పూజారులు లోకంలో ఉంటారు అని పుస్తకం ఒప్పుకుంటుంది, కాని ఆటగాడు ఆ పాత్ర తీసుకోకూడదు. అదే పట్టికలో దొంగ వరస చూడండి. డ్వార్ఫ్‌కి, ఎల్ఫ్‌కి దొంగతనంలో హద్దు లేదు. ఎన్ని మెట్లైనా ఎక్కొచ్చు!

ఇలాంటి పట్టిక నేను ముందే చూశాను. కాగితం మీద కాదు. మా తాతగారి ఊళ్ళో ఎవరు ఏ బావిలో నీళ్ళు తోడుకోవాలో, ఎవరు ఏ పని చెయ్యాలో రాసి ఉండేది కాదు, కాని అందరికీ తెలుసు. ఫలానా వాళ్ళు దొంగలు అని ఊరంతా అనుకునే పేరు కూడా పుట్టుకతోనే వచ్చేది. గైగాక్స్ చెప్పిన కారణం వేరు: ఆట లోకం మనుషులది, హద్దు లేకపోతే అందరూ చీకట్లో కనిపించే కళ్ళున్న ఎల్ఫ్‌లే అవుతారు, మనిషిని ఎవరూ ఎంచుకోరు. ఆయన ఎవర్నీ అవమానించాలని రాయలేదు. ఆట సమంగా ఉండాలని రాశాడు. మా ఊళ్ళో పెద్దలు కూడా "అంతా సమంగా నడవాలని" అనే చెప్పేవారు.

అదే పుస్తకంలో ఇంకో రూలు ఉంది, అది మనుషులకి మాత్రమే. మనిషి మధ్యలో వృత్తి మార్చుకోవచ్చు. పాత వృత్తికి కావలసిన గుణంలో కనీసం 15 ఉండాలి, కొత్తదానికి 17 ఉండాలి. మార్చాక మొదటి మెట్టు నుంచి మళ్ళీ మొదలు. కొత్త వృత్తి పాతదాన్ని దాటేదాకా పాత శక్తి వాడకూడదు, వాడితే ఆ సాహసానికి అనుభవం పాయింట్లు రావు. ఇది చదివి నేను గట్టిగా "విశ్వామిత్రుడు!" అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి ఏమైంది అని వచ్చింది. రాజుగా పుట్టి, వసిష్ఠుడి దగ్గర ఓడిపోయి, బ్రహ్మర్షి అవ్వడానికి ఎన్నిసార్లు మొదటికి వచ్చాడో గుర్తుందా? కోపం వచ్చినప్పుడల్లా తపస్సు పోయేది. అందుకే యాగం కాపాడడానికి రాముణ్ణి పంపమని దశరథుణ్ణి అడిగాడు, వ్రతంలో ఉన్నప్పుడు తను కోపపడకూడదు కాబట్టి.

రాక్షసుడు కూడా ఈ ఆటలో ఉన్నాడు, 1975 నుంచి. పులి తల, మంచి బట్టలు. గైగాక్స్‌కి అతను రామాయణం నుంచి రాలేదు, కోల్చాక్ అనే టీవీ సీరియల్‌లో ఒక ఎపిసోడ్ నుంచి వచ్చాడు. 1977 మాన్‌స్టర్ మాన్యువల్ ప్రకారం దీవించిన క్రాస్‌బో బాణం తగిలితే చస్తాడు. అతని స్వభావం కూడా పుస్తకంలోనే రాసేశారు: చెడ్డ. రాక్షసుడిగా పుడితే అంతే. మరి విభీషణుడు? ప్రహ్లాదుడి తండ్రి హిరణ్యకశిపుడు కదా? ఈ ప్రశ్న నేను పిల్లల్ని అడిగితే వాళ్ళలో ఒకబ్బాయి, "అది పాత రూల్, అంకుల్" అన్నాడు.

నిజమే. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ ఆ పట్టిక మొత్తం తీసేసింది. ఎవరైనా ఏ వృత్తైనా, ఎన్ని మెట్లైనా. 2020లో ఒక పుస్తకం పుట్టుకతో వచ్చే పాయింట్లని కూడా మీ ఇష్టం వచ్చినచోట పెట్టుకోండి అంది. 2024 పుస్తకంలో "రేస్" అనే మాట లేదు, "స్పీసీస్" అని ఉంది. గుణాల పాయింట్లు ఇప్పుడు పుట్టుకని బట్టి రావు, ఆ పాత్ర అంతకుముందు ఏం పని చేసేదో దాన్ని బట్టి వస్తాయి.

మన వైపు కూడా ఒక పట్టిక మారింది. జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ తర్వాత, 1987లో ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కుని రద్దు చేసింది. వంశపారంపర్యం అంటే తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. అర్చకులు కోర్టుకి వెళ్ళారు. 1996లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది: పూజకి ఆగమం తెలిసి ఉండాలి, కాని ఉద్యోగం పుట్టుకతో వచ్చే హక్కు కాదు. తర్వాత చట్టంలో మళ్ళీ మార్పులు వచ్చాయి, వంశాల అర్చకులకి కొంత తిరిగి ఇచ్చారు. నాకు తెలిసిన అర్చకుల్లో చాలా పేదవాళ్ళున్నారు, వాళ్ళకి ఆ హక్కు తప్ప ఇంకేమీ లేదు. అందుకే ఈ విషయంలో నేను గట్టిగా ఒకవైపు మాట్లాడలేను. చట్టం వైపే ఉన్నాను, కాని మెల్లగా మాట్లాడతాను.

పోయిన ఆదివారం ఆ అమ్మాయికి గద కథ, ఓడో బిషప్ కథ, 1978 పట్టిక కథ చెప్పాను. తన డ్వార్ఫ్ పూజారి అప్పుడు ఆడడానికే కుదరదని తెలిసి ఆశ్చర్యపోయింది. తర్వాత, "అంకుల్, నేను నిజంగా మన గుడిలో పంతులు అవ్వచ్చా?" అని అడిగింది. అబ్బాయి అడిగినా నా దగ్గర జవాబు లేదు, అమ్మాయి అడిగితే అసలు లేదు. "కమిటీని అడుగుతానమ్మా" అన్నాను. వచ్చే నెల మీటింగ్ ఉంది, ఎజెండాలో రాయించాను. ఇంతలో ఆమె తన డ్వార్ఫ్‌కి తెలుగు పేరు పెట్టమంది. కొండన్న అని పెట్టాం. కొండన్న ఇప్పుడు మూడో మెట్టు మీద ఉన్నాడు, గద అతని దగ్గరే ఉంది.