హిమసీమలో వృద్ధపోషణము

కెనడా వృద్ధులకు అభయమిచ్చు దేశమని మనవైపు వాడుక. ఆ మాట అసత్యము కాదు. కాని ఆ యభయము ఒక్కనాడు లభించినదియు కాదు, అందఱికిని ఒక్కతీరున అందినదియు కాదు. ఈ దేశమున స్థిరపడి ఇచటి చరిత్ర చదివినకొలది నాకు తోచిన దొక్కటి: సర్కారు వృద్ధులకిచ్చు ధనమెంత యను ప్రశ్నకంటె, అది అడుగకయే యింటికి వచ్చునా, అర్జీ పెట్టుకొన్నగాని రాదా యను ప్రశ్న గొప్పది.

1925 ఎన్నికలలో ఏ పక్షమునకును ఆధిక్యము రాకపోగా, ప్రధాని మెకెంజీ కింగ్ ప్రభుత్వము కొలది ఓట్ల యాధారమున నిలిచియుండెను. శ్రామికపక్ష సభ్యులైన వుడ్స్‌వర్త్, హీప్స్ అను నిరువురు ఆ యదను కనిపెట్టి, వృద్ధాప్య పింఛను చట్టము తెత్తురా యని వ్రాతపూర్వకముగా నడిగి, ఆయనచేత మాట పుచ్చుకొనిరి. ఆ బిల్లును సెనేటు తొలుత త్రోసిపుచ్చినను, మఱల ఎన్నికలు జరిగిన పిమ్మట 1927లో చట్టము వెలువడెను. 70 ఏండ్లు నిండి, 20 ఏండ్లు ఈ దేశమున వసించిన బ్రిటిష్ ప్రజకు నెలకు గరిష్ఠముగా 20 డాలర్లు. వ్యయములో సగము కేంద్రమును, సగము రాష్ట్రమును భరింపవలెను. క్విబెక్ రాష్ట్రము 1936 వఱకు ఇందు చేరనేలేదు. చేరినచోటను అది హక్కు కాదు, దయ: ఆదాయమెంత, ఆస్తియెంత యని అధికారులు ఆరాలు తీసినగాని డబ్బు చేతికి రాదు. ఇక ఇండియన్ చట్టమను కెనడా శాసనము క్రిందికి వచ్చు ఆదివాసులు, ఈ నేలకు మొట్టమొదటి వారసులయ్యు, ఆ పింఛను చట్టముచేతనే బహిష్కృతులైరి.

లూయీ సెన్‌లొరాన్ ప్రధానిగా నుండగా, 1951లో రాజ్యాంగమును సవరించి, కేంద్రమే స్వయముగా పింఛను నిచ్చునట్టి క్రొత్త చట్టమును చేసిరి. 1952 జనవరి మొదలు 70 ఏండ్లు నిండి, నివాస నియమము తీరిన ప్రతివానికిని, ధనికుడని దరిద్రుడని, తెల్లవాడని ఆదివాసి యని విచారింపక, నెలకు 40 డాలర్లు చేరసాగెను. 1967లో పేదవృద్ధులకు అదనపు భృతి కలిసెను. 1970 నాటికి అర్హత 65 ఏండ్లకు దిగెను.

అయినను చట్టము సమముగా నున్నంతమాత్రమున దూరము సమము కాదు. 1999 ఏప్రిల్ 1న ఏర్పడిన నూనవుట్ ప్రాంతమున 25 ఊళ్లున్నవి; ఒక యూరినుండి మఱియొక యూరికి బాట లేదు. సరకులు వేసవిలో ఓడమీద, తక్కినకాలమున విమానముమీద రావలెను. 150 మందికి లోపే జనము గల గ్రీస్ ఫియర్డ్‌లోని వృద్ధురాలికి టొరంటో వృద్ధురాలికి వచ్చు పింఛనే వచ్చును. అంగటిలో ధరలు మాత్రము టొరంటో ధరలు కావు. మతి తప్పి నిత్యసంరక్షణ కావలసిన ముదుసళ్లను, అచట తగిన వసతి చాలక, సుమారు రెండువేల కిలోమీటర్ల దూరమున నున్న ఒటావాకు ఏండ్ల తరబడి పంపుచు వచ్చిరి. ఇనుక్టిటుట్ తప్ప వేఱు భాష రాని యా వృద్ధులు తమ మాట తెలియని జనుల నడుమ, తాము తిని పెరిగిన సీల్ మాంసమునకును దుప్పిమాంసమునకును దూరమై కాలము గడపుట సంరక్షణ యగునేమో గాని సౌఖ్యము కాజాలదు.

ఈ లోటు పూడ్చుటకు గ్రాంటులు లేకపోలేదు. 1972లో న్యూ హొరైజన్స్ అను పథకము పుట్టి, 2004లో క్రొత్తరూపు దాల్చి, నేడు స్థానిక సంఘములకు 25 వేల డాలర్ల వఱకు ఇచ్చుచున్నది. ముసలివారు పిల్లలకు తోలుకుట్టుపని నేర్పుటకో, వారానికొకమాఱు కూడి భుజించుటకో ఆ ధనము పనికివచ్చును. కాని దానికి పోటీపడి అర్జీ వ్రాయవలెను, లెక్కలు చెప్పవలెను, గడువు తీరినంతనే మఱల అడుగవలెను. పింఛను కాలువనీరు, గ్రాంటు చేదనీరు. చేదుకొనువాడు లేని చిన్న యూరికి బావి యున్నను లేనట్లే. వ్రాతగాండ్రు గల పట్టణములకు సులభమైన యీ పద్ధతి, ఎవరికి అవసరము మిక్కుటమో వారికే దుర్లభమగుచున్నది.

ఇక మన భారతదేశమున 60 మొదలు 79 ఏండ్ల వఱకు వయసుగల నిరుపేదకు కేంద్రమిచ్చు పింఛను వాటా నేటికిని నెలకు 200 రూపాయలే. ఆంధ్రప్రదేశము తనవంతు జోడించి 2024 నుండి 4,000 రూపాయలు ఇంటివద్దనే ఇచ్చుచుండుట మెచ్చదగినది. అయితే పాడేరు కొండలపై గూడెములో మంచమెక్కిన ముదుసలికి డబ్బొక్కటే చాలదు. కనుక పాఠకులారా, మీ ప్రతినిధులను పింఛను పెంపు మాత్రమే కోరక, ప్రతి గూడెమునకును జీతముగల సంరక్షకురాలిని, ఏటేట అర్జీ పెట్టనక్కఱలేని శాశ్వతనిధిని కూడ కోరుడు.