రాయగఢ్ రాజు తబలా

రాయపూరు నుండి హౌరా మార్గమున పోవు రైలు బిలాసుపూరు, చాంపాలు దాటిన పిమ్మట రాయగఢ్ చేరును. నేడు ఆ పేరు వినగనే బొగ్గు, ఉక్కు స్ఫురించును గాని, 1924 మొదలు 1947 వరకు అచట తబలా, పఖావజ్ వాయించిన రాజొకడు ఉండెను.

ఆయన రాజా చక్రధర్ సింగ్. 1905లో జన్మించి, రాయపూరు రాజకుమార కళాశాలలో చదివి, అన్న నట్వర్ సింగ్ అనంతరము గద్దె నెక్కెను. రాజులు కళాకారులను పోషించుట వింత గాదు. తామే వాద్యము ముందు కూర్చుండి నర్తకుని కాలిని అనుసరించుట అరుదు. ఈయన అచ్ఛన్ మహారాజ్, జయలాల్ వంటి కథక్ గురువులను రప్పించి పల్లె బాలురకు శిక్షణ ఇప్పించెను. గమ్మత్ అను జానపద నాటకమున ఆడుచుండిన కార్తికరామ్, కల్యాణదాస్, ఫిర్తూదాస్, బర్మన్‌లాల్ అట్లు తయారైనవారే. వారు ఆడగా రాజు తబలా వాయించెడివాడు. సాధనకు దర్బారు తావయ్యెను.

పదహారు మాత్రల తీన్‌తాళములో మొదటి మాత్ర 'సమ్'. జతి ఎన్ని ఆవర్తములు తిరిగినను తుదకు అచటనే వాలవలెను. మబ్బుల గుంపును తలపించు దల్‌బాదల్, పిడుగును తలపించు కడక్‌బిజిలీ వంటి కూర్పులు రాయగఢ్‌కు పేరు తెచ్చినవి. గురుముఖమున మాత్రమే నిలిచినచో ఇట్టివి గురువుతోడనే పోవును. గ్రామఫోను అప్పటికే వచ్చియుండెను గాని, పళ్లెపు ఒక ప్రక్క పట్టునది సుమారు మూడు నిమిషములే. రాజు పండితులను కూర్చుకొని నర్తన సర్వస్వము, తాళతోయనిధి, మురజపర్ణ పుష్పాకరము మున్నగు బృహద్గ్రంథములను వెలయించెను.

తెలుగువారికి ఇట జాయపసేనాని గుర్తుకు రాకపోడు. కాకతి గణపతిదేవుని గజసేనాధిపతియైన ఆయన 1253-54లో నృత్తరత్నావళి రచించెను. అది 1965లో మద్రాసున వి. రాఘవన్ పరిష్కరణతో అచ్చయ్యెను. ఆయనదేయని చెప్పబడు వాద్యరత్నావళి మాత్రము దొరకలేదు. ఓరుగల్లు మద్దెలకాండ్ర చేతివాటమును గూర్చి అది ఎంత చెప్పియుండెడిదో!

అయినను అక్షరము చేతి బరువును చూపదు. రెండు చేతులును కలిసి పుట్టించు 'ధా'ను ఎంత మెత్తగా వేయవలెనో కాగితము పలుకదు. ఆ లోటును శిష్యులే పూరించిరి.

1947 అక్టోబరులో, నలుబది రెండేండ్లకే, రాజు కన్ను మూసెను. 1948 జనవరి 1న సంస్థానము మధ్యపరగణాలలో కలిసెను. దర్బారు పోయినను కార్తికరామ్ తన కుమారుడు రామలాల్‌కు అదే నృత్యము నేర్పెను. 1985లో రాయగఢ్‌న, వినాయక చవితి దినములలో, రాజు పేరిట చక్రధర్ సమారోహము మొదలయ్యెను.