ఆగిపోవు కంప్యూటరు: దోషాన్వేషణ చరిత్ర

ఇంటిలోని కంప్యూటరు పని మధ్యలో హఠాత్తుగా నిలిచిపోవుట నేడు పలువురికి అనుభవములో నున్న విషయమే. ఒకప్పుడు తెర నీలవర్ణమునకు మారి కదలక నిలుచును. మరియొకప్పుడు యంత్రము తనంతట తానే ఆరి తిరిగి మొదలగును. కొందరు వెంటనే విలువైన భాగములను మార్చివేయుదురు. మరికొందరు యంత్రమునే పారవేయుదురు. కాని దోషమును వెదకుటకు ఒక పద్ధతి కలదు. అది కంప్యూటరు పుట్టిన నాటినుండి దానితో పాటే పెరుగుచు వచ్చినది. ఈ చరిత్రలో మాటిమాటికి ఎదురగు ప్రశ్న ఒకటి ఉన్నది: దోషము ప్రతిసారి ఒకే చోట, ఒకే సమయమున కలుగుచున్నదా, లేక మారుచున్నదా?

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో నిర్మింపబడి, 1946 ఫిబ్రవరిలో ప్రదర్శింపబడిన ఎనియాక్ అను యంత్రములో సుమారు 18,000 వాల్వులు ఉండెను. ఇవి పాత రేడియోలలోని వాల్వుల వంటివే. ఒక్క వాల్వు మాడిపోయినను లెక్క తప్పవచ్చును. ఇన్ని వాల్వులతో యంత్రము కొంతసేపైనను సరిగా నడచునా అని పలువురు శంకించిరి. దాని ప్రధాన ఇంజనీరగు ఎకర్ట్, వాల్వులు తట్టుకొనగల గరిష్ఠ విద్యుత్తుకంటె చాల తక్కువతో అవి పనిచేయునట్లు ఏర్పాటు చేసెను. యంత్రమును వెలిగించునపుడును, ఆర్పునపుడును వాల్వులు ఎక్కువగా చెడుచున్నవని కూడ గమనింపబడినది. వాటిలోని తీగలు వేడెక్కుట, చల్లారుటల వలన దెబ్బతినుటయే దీనికి కారణము. అందుచే యంత్రమును వీలైనంతవరకు ఆర్పకుండ ఉంచిరి. తుదకు సుమారు రెండు దినములకు ఒక వాల్వు మాత్రమే చెడు స్థితి ఏర్పడినది. దోషము ఎక్కడ కలిగినదో గాక, ఎప్పుడు కలుగుచున్నదో గమనించుట వలన కలిగిన మేలు ఇది.

మరుసటి సంవత్సరము, అనగా 1947 సెప్టెంబరు 9వ తేదీన, హార్వర్డు విశ్వవిద్యాలయమున మార్క్ 2 అను యంత్రములో ఒక చిత్రమైన దోషము బయటపడినది. ఈ యంత్రము రిలేలు అను విద్యుత్ మీటలతో పనిచేయును. 70వ సంఖ్య గల రిలేలో ఒక రెక్కల పురుగు చిక్కుకొని యుండెను. సిబ్బంది దానిని తీసి, తమ దినచర్య పుస్తకములో అతికించి, వివరము వ్రాసి ఉంచిరి. ఆ పుట నేటికిని వాషింగ్టన్ నగరములోని స్మిత్సోనియన్ సంస్థవారి వస్తుప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. యంత్రదోషమును ‘బగ్’, అనగా పురుగు, అనుట ఈ సంఘటనతోనే మొదలైనదని కొందరు చెప్పుదురు. అది సరికాదు, 1878లోనే ఎడిసన్ తన ఉత్తరములో ఆ మాటను ఈ అర్థమున వాడియుండెను.

పురుగు కదలక ఒకే చోట ఉన్నందున చేతికి చిక్కినది. ఒకసారి కలిగి మాయమగు దోషమును పట్టుటెట్లు? ఆ కాలముననే బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలలో రిచర్డ్ హామింగ్ అను గణితశాస్త్రజ్ఞుడు వారాంతములలో ఒక రిలే యంత్రముపై లెక్కలు చేయించుచుండెను. అప్పుడు యంత్రము వద్ద సిబ్బంది ఉండరు. తప్పు దొర్లినట్లు తెలిసినచో, యంత్రము ఆ లెక్కను విడిచి తరువాతి దానికి పోవును. వరుసగా రెండు వారాంతములు హామింగ్ లెక్కలు ఇట్లు వ్యర్థమయ్యెను. తప్పు ఉన్నదని కనుగొనగల యంత్రము, అది ఏ స్థానమున ఉన్నదో కూడ కనుగొని దిద్దుకొనలేదా అని ఆయన ఆలోచించెను.

ఆ ఆలోచన ఫలము 1950లో ప్రకటింపబడినది. కంప్యూటరు ప్రతి విషయమును 0, 1 అను రెండు అంకెలతోనే వ్రాసికొనును. వీనిని బిట్లు అందురు. హామింగ్ పద్ధతిలో నాలుగు బిట్ల సమాచారమునకు మూడు తనిఖీ బిట్లు చేర్చబడును, మొత్తము ఏడు. మూడు తనిఖీల ఫలితములు ఎనిమిది విధములుగా ఉండవచ్చును. వానిలో ఒకటి ‘తప్పు లేదు’ అని తెలుపును. మిగిలిన ఏడును ఏడు స్థానములలో ఏది తప్పినదో తెలుపును. తప్పిన స్థానము తెలిసినచో, 0ను 1గా, 1ని 0గా మార్చిన చాలును.

1970 తరువాతి దశాబ్దములో కంప్యూటరు జ్ఞాపకశక్తి సిలికాను చిప్పులలోనికి చేరినది. ప్రతి బిట్టును ఒక సూక్ష్మమైన గదిలో కొద్దిపాటి విద్యుదావేశముగా దాచుదురు. ఈ చిప్పులలో అప్పుడప్పుడు ఒక బిట్టు తారుమారగుచుండెను. కాని మరల పరీక్షించినపుడు ఆ గదిలో ఏ లోపమును కనబడకుండెను. ఇంటెల్ సంస్థలోని తిమోతి మే, మరే వుడ్స్ అనువారు 1978లో దీని కారణమును వెల్లడించిరి. చిప్పును కప్పియుంచు పదార్థములో అత్యల్పముగా యురేనియము, థోరియము కలిసియుండెను. వాని నుండి వెలువడు ఆల్ఫా కణము 50 లక్షల ఎలక్ట్రాను వోల్టుల శక్తితో సిలికానులో ప్రవేశించినచో, సుమారు 14 లక్షల ఎలక్ట్రానులను విడివడజేయును. గదిలోని ఆవేశమును తారుమారు చేయుటకు అంత చాలును. అంతరిక్షము నుండి వచ్చు కాస్మిక్ కిరణములును ఇట్టి మార్పు కలిగింపగలవని 1979లో జీగ్లర్, లాన్‌ఫర్డ్ అనువారు చూపిరి. అటుపై చిప్పుల పదార్థములు మరింత శుద్ధి చేయబడినవి. ముఖ్యమైన కంప్యూటర్లలో హామింగ్ పద్ధతిపై ఆధారపడిన దిద్దుబాటు నేటికిని వాడబడుచున్నది. ఇండ్లలోని చాల కంప్యూటర్లలో ఈ రక్షణ పూర్తిగా ఉండదు.

ఒక్క బిట్టు మారినంత మాత్రమున ఏమగునో 2003 మే 18వ తేదీన బెల్జియములోని స్కార్బీక్ అను పట్టణమున జరిగిన ఎన్నికలు తెలుపును. ఒక అభ్యర్థికి రాదగిన వోట్ల కంటె 4096 వోట్లు ఎక్కువగా వచ్చినట్లు యంత్రము చూపెను. 4096 అనగా పన్నెండు రెండ్ల లబ్ధము. కుడి నుండి పదమూడవ బిట్టు 0 నుండి 1కి మారినచో సరిగా అంతే పెరుగును. నిపుణులు ప్రోగ్రామును, యంత్రమును పరీక్షించినను దోషము మరల కనబడలేదు. బిట్టు దానంతట అదే మారినదని వారు భావించిరి. యంత్రము ఇచట ఆగిపోలేదు. తప్పు అంకెను చూపి సాగిపోయినది. ఆ సంఖ్య అసంభవమైనందుననే తప్పు పట్టుబడినది. ఇట్లు చూచినచో, ఆగిపోవు యంత్రము కనీసము ఒక హెచ్చరికనైనను ఇచ్చుచున్నది.

అట్లని ప్రతి దోషమునకును ఆకాశమును నిందింపరాదు. 2000 తరువాతి తొలి సంవత్సరములలో ఎన్నో కంప్యూటర్లు నాసిరకపు కెపాసిటర్ల వలన చెడిపోయినవి. వాని లోని ద్రవము సరియైనది కానందున, వాయువు పుట్టి, వాని తలలు ఉబ్బి పగిలినవి. పెట్టె తెరచి చూచినవారికి కారణము కంటికే కనబడినది.

ఇంటి యంత్రమునకును ఈ చరిత్రయే మార్గము చూపును. ముందుగా అవసరమైన సమాచారమునకు నకలు తీసి వేరొక చోట భద్రపరుపవలెను. ఆగిన ప్రతిసారి తేదీ, సమయము, అప్పుడు నడచుచున్న ప్రోగ్రాము వ్రాసికొనవలెను. ఒకే ప్రోగ్రాముతో ఆగుచున్నచో మొదట దానినే శంకింపవలెను. చాలసేపు నడచి వేడెక్కిన తరువాత ఆగుచున్నచో పంకాను, దానిపై పేరుకొనిన దుమ్మును చూడవలెను. ఏ నియమమును లేక ఆగుచున్నచో మెమరీని, విద్యుత్తు నందించు భాగమును పరీక్షింపవలెను. మెమరీలోని ప్రతి గదిలో 0, 1 వ్రాసి, తిరిగి చదివి సరిచూచు ప్రోగ్రాములు ఉన్నవి. మెమరీ పలకలు రెండున్నచో ఒక్కొక్క దానితో నడిపి చూడవచ్చును. భాగములను తీయుటకు ముందు యంత్రమును ఆర్పి, విద్యుత్తు తీగను తొలగించుట మరువరాదు. ఒక పర్యాయమునకు ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. రెండింటిని ఒకేసారి మార్చినచో, యంత్రము బాగుపడినను దేనివలన బాగుపడినదో తెలియదు.

పాఠశాలలో కంప్యూటరు ఉన్నచోట, దాని పక్కన ఒక నోటుపుస్తకము ఉంచి, ఆగినప్పుడెల్ల విద్యార్థులచే వివరములు వ్రాయించుట ఉపాధ్యాయులకు కష్టము కాదు. కొన్ని వారములు గడచిన తరువాత ఆ పుటలను తిరగవేసినచో, దోషము ఒకే చోట ఉన్నదో, చోటు మారుచున్నదో విద్యార్థులే చెప్పగలుగుదురు.