ముదుసలులకు మఱుగు

అంటువ్యాధి ప్రబలినపుడు ముదుసలులను వేఱుగా నుంచిన రక్ష కలుగునా? కలుగును, కాని వ్యాధి వచ్చు త్రోవ నెఱుఁగవలెను.

మా పలమనేరు బెంగుళూరు బాటమీఁదిది. 1898లో బెంగుళూరునకు ప్లేగు సోఁకినపుడు పలువురు ఇండ్లు విడిచి బయళ్లలో పాకలు వేసికొనిరి. అది ఎలుకల మీఁది పురుగులవలన వ్యాపించునది గావున ఇల్లు వీడుటయే రక్ష.

1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మనుష్యుల శ్వాసతో వచ్చెను. అమెరికా పాలనలోని సమోవా ఓడల నాపి ఒక్క ప్రాణమును గోల్పోలేదు; చెంతనున్న పశ్చిమ సమోవాలో ఒక్క ఓడ రాకతో ఇంచుమించు అయిదవవంతు జనులు మడిసిరి. అచ్చట కాచినది ముదుసలులను మాత్రమే కాదు, దీవినంతను.

2020లో కరోనా నాఁడు నేనును గదిలో నుంటిని. గది వేఱే, అన్నము తెచ్చిన చేయి సంతకుఁ బోయి వచ్చినదే. తాతను దాఁచిన చాలదు. తాతకు అన్నము పెట్టువారును జాగరూకులు గావలెను. 2021 మార్చి 1 నుండి 60 ఏండ్లు దాటినవారికి టీకా లభించువఱకు మనకున్న కవచ మదియే.