ఒగ్గు కథకు మేము గీసిన చార్టులు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడగగానే నాకు ముందుగా గుర్తొచ్చినవి తొమ్మిదో తరగతిలో మేము గీసిన నాలుగు చార్టులు. అవి పుస్తకాలకెక్కే సంగతి కాదు. కానీ మన తుంగతుర్తి వైపు మాట జనంలోకి ఎలా వెళ్లేదో చెప్పుకునేటప్పుడు వాటినీ తలుచుకోవాలి.

మన పల్లెల్లో పోస్టరు కంటే ముందు డప్పు చాటింపు ఉంది, పాట ఉంది. 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగిన రోజుల్లో సంఘం మాటను పాటలు కూడా మోసుకెళ్లాయి. మన కర్విరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం గారు ఆడవాళ్లకు తెలిసిన ఉయ్యాల పాటల బాణీలోనే పోరాటం సంగతులు పాడారు. తర్వాత 1978, 1983 ఎన్నికల్లో మన తుంగతుర్తి నుంచే శాసనసభకు వెళ్లారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకాన్ని ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడబట్టే మన కథ కోస్తా జనానికీ తెలిసింది. కళే ఇక్కడ ప్రచారం చేసింది. ఆ కళకు ప్రచారం చేసే పని మా తరగతికి వచ్చింది.

మా తెలుగు సారు ఊళ్లోని ఒగ్గు కథ బృందం కోసం ప్రచార ప్రణాళిక తయారు చేయమన్నారు. వారం రోజులు కూర్చుని రంగులేశాం. మొదటి చార్టు మీద పెద్ద అక్షరాలతో “అంతరించిపోతున్న ఒగ్గు కథను కాపాడుకుందాం” అని రాశాం. శనివారం సాయంత్రం బీరప్ప గుడి ముందు బృందాన్ని కూర్చోబెట్టి నేనే చదివి వినిపించాను.

డోలు పక్కన పెట్టుకుని విన్న పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా అడిగాడు:

“బిడ్డా, సచ్చిపోతున్నోన్ని ఎవలన్న పండుగకు పిలుస్తరా? మొన్ననే రెండు ఊర్లల్ల తెల్లందాక కథ చెప్పొచ్చినం. మేం బతికే ఉన్నం గదా!”

నా ముఖంలో నెత్తురు చుక్క లేదు. వాళ్లకు ఏం కావాలో ఒక్కసారీ అడగకుండానే వారం రోజులు రంగులేశామని అప్పుడు తెలిసింది. సారు నన్ను తిట్టలేదు. నోటుబుక్కు నా చేతికిచ్చి, “ఇప్పుడు అడుగు, రాసుకో” అన్నారు.

అడిగాం. ఎందరు వస్తారు, మల్లన్న కథా, బీరప్ప కథా, ఎల్లమ్మ కథా ఏది ఎంతసేపు చెప్తారు, పట్నాలకు పిలవాలంటే ఎవరి ఇంటికి రావాలి, ఎన్నాళ్ల ముందు చెప్పాలి, అన్నీ రాసుకున్నాం. కొత్త చార్టుల మీద అవే రాశాం. ఒకటి బస్టాండు హోటల్లో, ఒకటి కిరాణా దుకాణంలో, ఒకటి బడి గేటు దగ్గర కట్టాం. నాలుగోది పెద్దాయనే దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు తీసుకుపోయాడు. ఆ తర్వాత పక్క ఊరివాళ్లు హోటల్లో చార్టు చూసి ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు.

ఈ పాత సంగతి ఇప్పుడు ఎందుకంటే, బడిలో పిల్లల్ని చేర్పించమని మన సంఘం కరపత్రం వేస్తోంది. దాని చిత్తుప్రతిలో “మూతపడకుండా మన బడిని కాపాడుకుందాం” అని ఉంది. మిత్రులారా, ఆ మాట కొట్టేద్దాం. మూతపడే బడికి పిల్లల్ని ఎవరు పంపిస్తారు? ముందు ఇప్పుడున్న ఉపాధ్యాయులను, పిల్లలను, తల్లులను అడుగుదాం. వాళ్లు చెప్పిందే రాద్దాం.