కీర్తనల పైనున్న రాగములు

మా జల్‌పల్లి సంఘములో హార్మోనియం వాయించు పెద్దాయన కీర్తన యెత్తుకొనుటకు ముందు దాని కథ చెప్పుదురు. 'శుద్ధ రాత్రి' పాటను 1818 క్రిస్మస్ ముందటి రాత్రి ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్‌లో గిటారుతో మొదట పాడిరి. ఫాదర్ మోర్ మాటలు వ్రాయగా బడిపంతులు గ్రూబర్ స్వరము కట్టెను.

అది పరదేశపు కథ. మన కథ మాకు ఇంకను ప్రియము. 1833లో కటకములో బాప్తిస్మము పొందిన బ్రాహ్మణ కవి పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) సువార్తను కర్ణాటక రాగములలో పాడిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో ఆయన కీర్తనల పైన రాగము, తాళము అచ్చువేసి యున్నవి. మనము నంబరు చూతుము గాని ఆ వరుసను చూడము. కీబోర్డు వచ్చినది మొదలు అన్నిటికి ఒకటే తాళము!

ఆ రాగములు నోటికి వచ్చిన పెద్దలు ఇంకను కొందరున్నారు. వారియొద్ద కూర్చుండి నేర్చుకొనుడని యౌవనస్థులతో చెప్పితిమి. ఇద్దరు వచ్చిరి.